వార్తల మధ్య నవ్వు

తార్నాకలో, యూనివర్సిటీ గోడ వెనక సందులో ఒక పాత మేడ ఉంది. పొద్దుగూకితే ఆటోవాళ్ళు ఆ సందులోకి రారు. మలుపు దగ్గరే దింపేసి వెళ్ళిపోతారు. మేడ మీది గదిలోంచి ఒక మగగొంతు వార్తలు చదువుతుందట... "నమస్కారం, మన తార్నాక వార్తలకు స్వాగతం" అని. కిటికీలో వెలుతురుండదు. ముందు తలుపుకు తాళం. చదువుతూ చదువుతూ ఉండగా, ఉన్నట్టుండి... ఒక ఆడమనిషి నవ్వుతుందట.

ఆ మగగొంతు ఎవరిదో పాతవాళ్ళందరికీ తెలుసు.

ఒకప్పుడు ఆ గదే టీవీ స్టేషన్. కేబుల్ వైర్లు డాబాల మీదుగా ఇంటింటికీ పాకిన రోజుల్లో, బిక్షపతి అనే కేబుల్ ఆయన 'మన తార్నాక' అని పేరు పెట్టి మొదలుపెట్టాడు. లాలాగూడకు నీళ్ళెప్పుడొస్తాయి, క్యాంపస్‌లో ఏ పరీక్ష వాయిదా పడింది, మౌలాలి దర్గా ఉర్సుకు బస్సులెటు మళ్ళిస్తారు, ఎవరి పాపకు పుట్టినరోజు... అన్నీ అందులోనే. వార్తలు రాజలింగు చదివేవాడు. కెమెరా అతని భార్య వేదవతి పట్టేది. హాస్టల్ పిల్లలు కూడా మెస్‌లో కంచాలు పట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. తర్వాత సెట్ టాప్ బాక్సులొచ్చాయి, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి. చూసేవాళ్ళు లేక స్టేషన్ మూతపడింది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రాజలింగు పోయాడు. ఆఖరిసారి ముఖం చూసే వీలు కూడా దొరకలేదు.

వేదవతి ఏడవలేదు. ఇవాళ ఏడుస్తుంది, రేపు ఏడుస్తుంది అని చుట్టాలు ఎదురుచూసి, చివరికి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పనిలో చేరింది. కూరలో ఉప్పు లేకున్నా తినేది. పెళ్ళి కబురు చెప్పినా, చావు కబురు చెప్పినా "అట్లనా" అనేది.

మేడ సంగతి ఆమెకు చెప్పింది తోటి ఉద్యోగి శ్రీలలిత.

"ఏమీ అనుకోకక్కా... ఆ గొంతు మీ ఆయనదేనంటున్నారు."

"అట్లనా."

"మధ్యలో నవ్వే ఆవిడెవరో మాత్రం..." శ్రీలలిత గొంతు తగ్గించింది. "ఎవరికీ తెలీదంట."

 వేదవతి సర్దిన అరనే మళ్ళీ సర్దింది. తను పుట్టింటికి పోయిన రోజుల్లో ఆ గదికి ఎవరైనా వచ్చేవాళ్ళా? ఆయన ఎవరితో నవ్వాడు? కోపం రాలేదు. భయమూ వేయలేదు. తెలుసుకోవాలనిపించింది, అంతే.

ఆ సాయంత్రం పని దిగి నేరుగా సందులోకి నడిచింది. చీకటి పడుతోంది. ముందు తలుపుకు తాళం ఉంది. వెనక ఇనప మెట్లున్నాయి, ఒకప్పుడు కెమెరా భుజాన వేసుకుని ఎక్కినవే. ఎక్కింది.

సగం మెట్ల మీద ఉండగా...

"నమస్కారం. మన తార్నాక వార్తలకు స్వాగతం."

ఆయనే. జలుబు చేసినట్టుండే ఆ గొంతే. వేదవతి ఆగింది. తన గుండె దడదడలాడుతుందేమోనని చూసింది. లేదు. మళ్ళీ ఎక్కింది.

అప్పుడు నవ్వు వినపడింది. పొట్ట పట్టుకుని, ఊపిరాడక నవ్వే నవ్వు. అంత సంతోషంగా ఎవరైనా నవ్వగా ఆమె ఈమధ్య వినలేదు.

తలుపు తోసింది. బయటి రొద రాకుండా గోడలకూ కిటికీలకూ అప్పట్లో కొట్టిన గోనెపట్టాలు అలాగే ఉన్నాయి, వెలుతురు బయటికి పోదు. మూల నీలం వెలుగు. ఆ వెలుగులో తెల్లజుట్టు విరబోసుకుని ఒక ఆకారం... మెల్లగా ఇటు తిరిగింది.

"ఎవలు బిడ్డా?"

ముసలామె. పేరు రాములవ్వ. బిక్షపతి ఆమెను మేడకు కాపలా పెట్టాడట. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ముందు ఒక చిన్న పాత టీవీ, వీసీఆర్.

"ఒక్కదాన్నే ఉంట. మనిషి గొంతు ఇనబడితే తాగేటోళ్ళు పైకి రారు," అంది రాములవ్వ. "అన్ని క్యాసెట్లు బూజు పట్టినయ్. గీ ఒక్కటే ఆడుతది. కూసో."

వేదవతి కూర్చుంది. తెర మీద రాజలింగు, బిగుసుకున్న టై, నూనె రాసి దువ్విన తల.

"మౌలాలిలో ట్యాంకు మీద కొత్త గుట్టను..." అని ఆగాడు. మాటలు తారుమారయ్యాయని నాలుక కరుచుకున్నాడు. తెర వెనక నవ్వు మొదలైంది. ఆగదు. కెమెరా కూడా ఊగుతోంది. రాజలింగు నవ్వు ఆపుకుంటూ, కెమెరా వెనక్కి చూస్తూ చిన్నగా అన్నాడు. సందులోకి వినపడనంత చిన్నగా...

"నవ్వకు వేదా. మళ్ళ తీద్దాం."

 ఆ నవ్వు తనదని ఆయన చెబితేగానీ వేదవతికి తెలియలేదు.

"రోజూ ఈ నవ్వు ఇంట," అంది రాములవ్వ, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఈ వేద ఎవలో గని... గింత మంచిగ నవ్వుతది. ఇప్పుడు ఉన్నదో, పోయిందో."

క్యాసెట్ తిరుగుతోంది. నవ్వు ఇంకా ఆగలేదు.

"తెల్వదవ్వా," అంది వేదవతి.