పాత పురిటాసుపత్రిలో మూలుగు

దగ్గరికి రండర్రా. ఇంకాస్త. గుమ్మం పక్కన ఎవరూ కూర్చోకండి, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకోవడంతోనే సరిపోతుంది మీకు. ఆ... కుదురుగా కూర్చున్నారా? ఇది నేను చూసింది కాదు, విన్నది.

ఊరి నడిబొడ్డున పాత పురిటాసుపత్రి ఉండేది. సగం ఊరు తన మొదటి ఏడుపు ఏడ్చింది ఆ గదుల్లోనే. కొత్త ఆసుపత్రి కట్టాక దానికి తాళం పడింది. కొన్నాళ్ళకు చెడ్డపేరూ వచ్చిపడింది.

పొద్దుగూకితే చాలు — లోపల్నుంచి ఆడమనిషి మూలుగు. "అమ్మా..." కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ... "అమ్మా..." అచ్చం నొప్పులు పడుతున్నట్టే!

పురిట్లో పోయిన తల్లెవరో బిడ్డను వెతుక్కుంటోందన్నారు. కిటికీలోంచి తొంగిచూసినవాళ్ళు, గోడలో ముఖం కనబడిందని పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చారు.

ఇంతలో ఇంజనీరు వచ్చి చూశాడు. గోడలు తడిసి ముద్దయ్యాయి, నిలబడవు, కూల్చేయండని రాసిచ్చాడు. ఆ పని ఆ ఊరి తాపీమేస్త్రికి వచ్చింది. తీరా చూస్తే కూలీలు మొండికేశారు.

"లోపల బాలింత దెయ్యం ఉంది మేస్త్రీ. మేం రాం."

"ఉంటే దానికీ ఓ గునపం ఇద్దాం. ఒక మనిషి కలిసొస్తుంది కదరా!"

"అయితే ఈ రాత్రి మీరొక్కరే వెళ్ళి రండి. తెల్లారేసరికి బతికుంటే మేమూ వస్తాం."

మాట పడ్డాక వెళ్ళక తప్పుతుందా? టార్చిలైటు పట్టుకుని బయల్దేరాడు. నిజం చెప్పాలంటే అతని భయం దెయ్యం గురించి కాదు. పదేళ్ళ కిందట ఆ గోడలకి సిమెంటు పూసింది అతనే.

అవి సున్నం గోడలు. అతని తల్లి వయసులో ఉన్నప్పుడు, నున్నటి రాయి పట్టుకుని రోజుల తరబడి రుద్ది మెరుగు తెచ్చిన గోడలు. "సున్నం గోడ ఊపిరి పీలుస్తుందిరా నాయనా. దానిమీద సిమెంటు పూశావా, చెమ్మ బయటికి పోలేక గోడ లోలోపలే కుళ్ళుతుంది" అని ఆమె ఆనాడే చెప్పింది. "నీ సున్నం కాలం పోయిందే అమ్మా" అని నవ్వేశాడు.

'తడి' అని ఇంజనీరు అన్నప్పుడే మేస్త్రికి సంగతి అర్థమైపోయింది. నోరు విప్పలేదు. తన పూతే ఆసుపత్రిని తినేసిందని తెలిస్తే, ఆ ఊళ్ళో అతని చేత కోళ్ళగూడైనా కట్టిస్తారా?

తాళం ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయిన వెనక తలుపు తోశాడు. చీకటి... సున్నం వాసన...

టక్. టక్. టక్.

"అమ్మా..."

లైటు ఎత్తాడు. ఎదురుగా గోడలో — ముఖం! గుడ్లు తేలేసి, నోరు తెరుచుకుని... కెవ్వుమన్నాడు. ఆ ముఖమూ నోరు ఇంకా పెద్దగా తెరిచింది.

"ఎవడ్రా అది? ఆ లైటు కళ్ళల్లో కొట్టకు!"

మూలన సుత్తీ ఉలీ పట్టుకుని, నడుం వంగిపోయి — అతని తల్లి.

"నువ్వా! అక్క ఇంట్లో పడుకుంటానని చెప్పి..."

"మీ అక్క ఇల్లు ఈ వెనకేగా. దాని గురక భరించలేక ఇక్కడికొస్తున్నా" అంది. దెబ్బ దెబ్బకీ నడుం పట్టేసి, "అమ్మా" అని తనకు తెలియకుండానే అంటోంది ముసలావిడ.

మరి ఆ ముఖం? ఏడాదిగా రాత్రిపూట ఆమె సిమెంటు చెక్కేసిన చోట, లోపలి సున్నం ఆరింది. దాన్ని మళ్ళీ రాయితో రుద్దింది. అద్దంలా మెరుస్తోంది. అందులో కనబడింది మేస్త్రి ముఖమే.

"కూలుస్తారని విన్నాను" అంది తల్లి మెల్లగా. "వచ్చేవాడికి ఇది చూపిస్తా. సిమెంటు ఒలిచేస్తే ఒక్క ఎండాకాలంలో ఆరిపోతుందని చెబుతా. చూశాక ఏ మేస్త్రికీ గునపం ఎత్తబుద్ధి కాదు."

అతను తల దించుకున్నాడు.

"...కూల్చడానికి వచ్చేది నువ్వేనా?" అంది.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తెల్లారగానే అతను ఇంజనీరు ఆఫీసుకు పరుగెత్తాడు. అందరి ముందూ చెప్పేశాడు — "తప్పు గోడది కాదు బాబూ, నాది. నా సిమెంటుది."

"ఇప్పుడా చెప్పడం? సంతకాలైపోయాయి. నువ్వు కాకపోతే కూల్చే మిషనొస్తుంది" అన్నారు. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఓ వేళుంటుందర్రా. అది దాటితే ఒప్పుకున్నా ఒకటే, ఒప్పుకోకపోయినా ఒకటే.

మిషను వచ్చింది. ఊరంతా గుమిగూడింది. ఒక్క తోపు తోసింది — గోడ కదల్లేదు. రెండోసారి... ఊహూఁ. మూడోసారికి సిమెంటు పెచ్చులు పెచ్చులుగా రాలింది, ఆమె రుద్దిన చోట ఎండ తగిలి తళుక్కుమంది. గోడ మాత్రం అలాగే నిలబడింది. "నిలబడదన్నారే!" అన్నారెవరో.

అప్పుడు ఆ తల్లి జనంలోంచి నడిచి వెళ్ళింది. డ్రైవరు మిషను ఆపేశాడు. ఆమె గోడమీద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డను జోకొట్టినట్టు రెండుసార్లు తట్టింది.

"చాల్లే తల్లీ... ఇక పడుకో."

వెనక్కి వచ్చి కొడుకు పక్కన నిలబడింది. డ్రైవరు ఇంకా మిషను మీద చెయ్యే వెయ్యలేదు...

గోడ దానంతటదే ఒరిగిపోయింది.

సరే, లేవండి. ఇళ్ళకెళ్ళి వేడివేడిగా అన్నం తినండి. ఈ పూటకి నన్నేమీ అడక్కండి.