ప్లాన్‌లో తప్పు

తొంభై ఎనిమిది జూలైలో ఆత్మకూరు బస్టాండు వెనక కొత్త కంప్యూటర్ కంపెనీ హెడ్డాఫీసులో అడుగుపెట్టగానే రూబీకి ఒళ్లు మండిపోయింది. నలుగురేసి ఎదురెదురుగా కూర్చునేలా తను ప్లాన్ గీస్తే, టేబుళ్లన్నీ ఎండీ గది వైపే తిరిగి వరసగా ఉన్నాయి. నడుమ దారి. అటు మగవాళ్లకి, ఇటు ఆడవాళ్లకి.

"ఇదేంది? ఆఫీసా, చర్చియా?"

దయాసాగర్ చెవి మీది పెన్సిల్ తీసి తల గోక్కున్నాడు. ఉదయగిరి వడ్రంగి. ఆరేళ్లుగా బాప్టిస్టు చర్చిలకి బల్లలు చేసిన చెయ్యి.

"మగపిల్లోళ్లు, ఆడపిల్లలు ఎదురెదురుగా ఎట్ట కూచుంటారు మేడం? ప్లాన్‌లో తప్పు పడిందనుకున్నాను. సరిచేసినాను."

సరిచేశాడట! ఇంటీరియర్ కోర్సు చదివాక రూబీకి దొరికిన మొదటి పని ఇది. మర్నాడు ఎండీ రాజమోహన్ వచ్చి చూస్తాడు. నచ్చకపోతే ఆమె ఇంట్లోవాళ్లు చెప్పినట్టు బీఈడీలో చేరాలి. ఆ సంగతి అతనికి చెప్పేసింది.

దయాసాగర్ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. బయట వాన పట్టుకుంది. కాసేపు గుర్రుగా చూసి, రూబీ కూడా టేబుల్ రెండో కొస పట్టుకుంది. సాయంత్రానికి అన్నీ ఎదురెదురుగా తిరిగాయి.

టేబుళ్ల మధ్యలో నిలబెట్టిన చెక్క పార్టిషన్ల ఎత్తు చూడాలని ఒక టేబుల్ దగ్గర తను కూర్చుని, అతన్ని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది. అతను చాలాసేపు చూశాడు, పార్టిషన్‌ని కాదు.

"రెండంగుళాలు ఎక్కువుండాది."

"ప్లాన్‌లో ఉన్నంతే కదా?"

"కళ్లు కనపడతన్నాయి. నవ్వు కనపడలా."

రూబీ గబుక్కున తల వంచుకుంది. అంత కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. అతను ఇష్టమయ్యాడు, అంతే.

మర్నాడు రాజమోహన్ అంతా తిరిగి చూసి, ఆ టేబుల్ దగ్గరే ఆగాడు. ఈ ఒక్క పార్టిషన్ పొట్టిగా ఉందేమని అడిగాడు. దయాసాగర్ పొద్దున్నే వచ్చి కోసేశాడని రూబీకి అప్పుడు తెలిసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్లాన్‌లో తప్పు సార్, నాదే," అంది రూబీ. "ఈయన సరిచేసినాడు."

రాజమోహన్ అక్కడ కూర్చుని ఆమెని ఎదురుగా కూర్చోమన్నాడు. ఇదే బాగుందని, అన్నీ ఇట్లాగే కోయమని, నెల్లూరు బ్రాంచి ప్లాన్ కూడా ఆమెనే గీయమని చెప్పి వెళ్లాడు.

"ఆదివారం చర్చి అయినాక మా ఇంటికి భోజనానికి రండి," అంది రూబీ దయాసాగర్‌తో. "అమ్మకి చెప్పి ఉంచుతాను."

"యాడ కూచోవాలి?"

"నాకు ఎదురుగా."