మొదటి నిద్ర

దాచేపల్లిలో ఫ్యాక్టరీలు పెరిగిన కొద్దీ కొత్త జంటలు పెరిగాయి గానీ ఇళ్లు పెరగలేదు. ఎనభై ఆరు ఎండాకాలంలో ఒక్క గది అద్దెకుందని తెలిస్తే చాలు, తెల్లారేసరికి నాలుగు జంటలు ఆ వాకిట్లో నిలబడేవి. "ఇల్లు ఖాళీ లేదమ్మా" అన్న మాట వినీ వినీ షాహిదాకి విసుగొచ్చింది. లారీ మెకానిక్కు షౌకత్‌ని చేసుకుని మూడేళ్లయినా కాపురం సగం గదిలోనే. మధ్యలో తడిక. తడికకి అవతల కృపావరం, అతని పెళ్లాం రాహేలు.

ఊరి బయట సర్కారు వాళ్లు ఇరవై చిన్న ఇళ్లు కట్టి, సొంతిల్లు లేని జంటలకి వాయిదాల మీద ఇస్తారని మొదట తెలిసింది షాహిదాకే. తన మానాన తాను దరఖాస్తు పెట్టుకుని ఊరుకున్నా బాగుండేది. రాహేలుకీ ఒకటి తెచ్చిచ్చింది. మూడొందల పేర్లు డబ్బాలో వేసి చీట్లు తీస్తే పద్నాలుగో నంబరు ఇల్లు రాహేలుకొచ్చింది, షాహిదాకి రాలేదు. ఆ రోజు నవ్వుతూ అందరికీ బెల్లం పంచింది షాహిదానే. ఇంటికొచ్చాక మాత్రం కడుపుమంటకి అన్నం సయించలేదు. దారి చూపించిందానికి తడికా, వెనకొచ్చిందానికి ఇల్లూనా?

ఇల్లు పూర్తయ్యాక రాహేలు తాళంచెవి తెచ్చి ఆమె చేతిలోనే పెట్టింది.

"అమ్మని తీసుకురాటానికి అచ్చంపేట పోతన్నా అక్కా. ఈయనకేమో డ్యూటీ. కొత్త గోడలు ఆరితే బీటలిస్తాయంట. ఆదివారం దాకా రోజూ నీళ్లు కొడతావా?"

"కొడతాలే."

"ఇంకోటి... లోపల ఎవర్నీ పడుకోనీమాక. మొదటి నిద్ర మేమే చేయాలంట."

"ఏందే ఆ చాదస్తం?"

"మేస్త్రీ అలీ సాహెబ్ చెప్పాడు. మొదట నిద్రపోయినోళ్లని ఇల్లు వదలదంట."

నాలుగో రోజు మధ్యాహ్నం గోడలు తడిపి షాహిదా లోపల నిలబడింది. బయట సున్నపురాయి దుమ్ము, ఎండ. లోపల కొత్త కుండలా చల్లన. ఇక్కడ మంచం, అక్కడ పొయ్యి అని తన కాపురాన్ని ఆ రెండు గదుల్లో సర్దుకుంది. నాది కావలసిన ఇల్లు, అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. వదలకపోతే మరీ మంచిది అనుకుని, కావాలనే, నున్నటి గచ్చు మీద నడుం వాల్చింది.

మెలకువ వచ్చేసరికి చీకటి పడుతోంది. ఇంకా కరెంటు ఇవ్వని ఇల్లు. తడిసిన సిమెంటు వాసన... దాంతోపాటు తను తలకి రాసుకునే నూనె వాసన. పక్కగదిలోంచి.

చెంబుతో గోడకి నీళ్లు కొడుతున్న చప్పుడు. కొట్టినప్పుడల్లా గాజులు గలగలమంటున్నాయి...

"రాహేలూ... నువ్వేనా?"

చప్పుడు ఆగింది. చీకట్లోంచి ఎవరో గుసగుసగా అన్నారు.

"రాహేలు రాలేదు. నువ్వెళ్లు."

షాహిదా ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. తాళం మాత్రం వేసింది. మర్నాటి నుంచి అటు పోలేదు. షౌకత్‌కీ చెప్పలేదు. చెబితే అక్కడెందుకు పడుకున్నావని అడుగుతాడు.

ఆదివారం రాహేలు తల్లితో, పాస్టరుగారితో వచ్చింది. షాహిదానూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆమె ఇచ్చిన చెవితో కృపావరం తాళం తీశాడు. తలుపు తెరుచుకోలేదు. లోపల గడియ పెట్టి ఉంది.

"ఇదేంది?" అని గట్టిగా తట్టాడు.

లోపల గాజుల చప్పుడు. తర్వాత ఒక ఆడగొంతు, కాస్త విసుగ్గా...

"ఇల్లు ఖాళీ లేదమ్మా."

అందరూ షాహిదా వైపు తిరిగారు. మూడేళ్లు తడిక అవతలి నుంచి విన్న గొంతును రాహేలు గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలేసింది.

"అక్కా... అది నీ గొంతేగా?"

నేను కాదు రాహేలూ, అందామని షాహిదా నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.

తలుపు అవతలి నుంచి వినపడింది.

"నేను కాదు రాహేలూ..."