అందరూ ఇంట్లోనే ఉండారా?

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు కుముద తన ఇంట్లో, ఏ పనీ చేయకుండా కుర్చీలో కూర్చుంది. ఇలా కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. వారానికి ఆరు రోజులు తెల్లవారుజామునే ఛాంపియన్ స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరు పోవడం, ఆఫీసులో నడుం పడిపోయేదాకా పనిచేయడం, ఊరు సద్దుమణిగే వేళకు ఇల్లు చేరడం. ఏడో రోజు ఇల్లు కడుక్కోవడం. భర్త పోయిన మూడేళ్ళ నుంచీ ఇదే వరస.

కేజీఎఫ్‌లో ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం మాటలు కాదు. గని మూతపడి పన్నెండేళ్ళయినా, బంగారం తీసేసిన మట్టి మాత్రం దిబ్బలు దిబ్బలుగా ఊరి నెత్తిన కూర్చునే ఉంది. గాలి లేచిందంటే చాలు, ఆ తెల్లపొడి మూసిన కిటికీలను కూడా లెక్కచేయదు. తొమ్మిదేళ్ళ భాగీరథికి అది అస్సలు పడదు. రాత్రుళ్ళు ఆ పిల్ల రొమ్ములో పిల్లికూతలు వింటూ కుముద కళ్ళు తెరుచుకుని పడుకునేది. ఇంట్లో దుమ్మన్నది లేకుండా చూసుకోమన్నాడు డాక్టరు, ఈవిడకేదో పది చేతులున్నట్టు. ఈ లోకంలో ఆమెకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

వాళ్ళది గుమాస్తాల వంశం. తాతా తండ్రీ గని ఆఫీసులో కలం పట్టినవాళ్ళు, ఆడవాళ్ళు తమ ఇల్లు తామే ఊడ్చుకున్నవాళ్ళు. శుభ్రం చేయడానికి బయటి మనిషిని పిలవడం ఇదే మొదలు. పరాయివాడు చూస్తే సిగ్గని పొద్దున్నే గిన్నెలన్నీ తోమి, మంచాల కింద సామాను సర్ది, బాత్రూము కూడా తానే కడిగేసింది. ఇంక అతను వచ్చి చేసేదేముందని భాగి నవ్వింది కూడా.

ఆమె పిలిపించింది చిన్నన్నను. స్కూటర్ వెనక మిషన్ కట్టుకుని చెప్పిన టైముకే వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పదేళ్ళు హౌస్‌కీపింగ్ చేసి, దుమ్ము పీల్చే మిషన్ ఒకటి కొనుక్కుని సొంత ఊరికి తిరిగొచ్చాడు. చెప్పులు బయటే విడిచి, మిషన్ లోపల పెట్టి, ప్లగ్గు చేతిలో పట్టుకుని ఆగాడు.

"అందరూ ఇంట్లోనే ఉండారా అమ్మా?"

"ఎందుకప్పా?"

"బయటికి పోయినోళ్ళు ఎవురన్నా ఉంటే రానీండి. అంతదాకా నేను మిషన్ పెట్టను. మాది గనిలోకి దిగినోళ్ళ ఇల్లమ్మా. మొగోడు షిఫ్టుకు పోతే, పైకొచ్చి ఇంట్లో కాలు పెట్టేదాకా మా ఆడోళ్ళు చీపురు ముట్టరు. ఊడిస్తే, వాళ్ళు ఇంటికొచ్చే దావ కూడా దుమ్ముతోనే పోతాదంట."

భాగి రెండింటికే రాబర్ట్‌సన్‌పేటలో అబాకస్ క్లాసుకు పోయింది. ఆరింటికి ఆటో తెచ్చి దింపుతుంది. ఆరు దాకా ఆగితే పని అయ్యేసరికి ఎనిమిది, ఆ తర్వాత వంట, పొద్దున నాలుగింటికి అలారం. కుముదకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రయాణమై పోయిన మనిషి వెనకాలే ఇల్లు ఊడవకూడదని వాళ్ళమ్మా అనేది, కాకపోతే వాళ్ళింట్లో పావుగంట ఆగితే సరిపోయేది.

"అందరూ ఇంట్లోనే ఉన్నారు" అంది. అబద్ధం ఆడుతున్నానని కూడా ఆమెకు తోచలేదు. ఆమె చేత ఆ మాట అనిపించింది అలుపు.

చిన్నన్న లోపలి గదుల వైపు ఒకసారి చూసి, ప్లగ్గు పెట్టాడు.

పని మాత్రం మెచ్చుకోవలసిందే. అటకలు, ఫ్యాను రెక్కలు, పరుపు కుట్లు, గడప సందులు, దేన్నీ వదల్లేదు. మిషన్ మోతలోనే కుముద కునుకు తీసింది. ఐదింటికి అతను వెళ్ళిపోయాక ఫినాయిల్ వాసన వేస్తున్న గచ్చు మీద ఉత్తి కాళ్ళతో నడిచింది. కాలికి ఇసుక రేణువు తగల్లేదు. ఈ రాత్రి బిడ్డ హాయిగా నిద్రపోతుందనుకుంటే కళ్ళు చెమర్చాయి.

ఆరింటికి ఆటో వచ్చిన చప్పుడైంది. పోయిన చప్పుడూ అయింది. పాలు పొయ్యి మీద పెట్టి, భాగి గొంతు కోసం చూసింది. పాలు పొంగాయి. పిల్ల రాలేదు.

ఆరున్నరకు ఆటో బచ్చప్పకు ఫోన్ చేసింది.

"పాపను మీ గేటు ముందరే దించేసినాను గదమ్మా, ఆరుకే" అన్నాడతను.

కుముద తలుపు తీసింది. వెలుగు తగ్గి, సందంతా బూడిదరంగులో ఉంది. గేటు బయట భాగి నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో వాటర్ బాటిల్.

"అక్కడేం చేస్తున్నావే? రా లోపలికి!"

భాగి సూటిగా ఆమె వైపే చూసింది. చూసి, పక్కింటి గోడ వైపు తిరిగింది. వేలు చూపిస్తూ మెల్లగా లెక్కపెట్టుకుంటోంది.

"పదకొండు... పదమూడు..."

వాళ్ళ ఇంటి నంబరు పన్నెండు.

"భాగీ!"

పిల్లకు వినపడలేదు. పెదవులు వణుకుతున్నాయి. కుముద గడప దాటి ఒక్క పరుగున గేటు తీసింది. సందులో ఎవరూ లేరు. ఈ చివర్నించి ఆ చివరిదాకా ఎవరూ లేరు. వెనక్కి వచ్చి గడప లోపల నిలబడి చూసింది... భాగి అక్కడే ఉంది. ఇప్పుడు గట్టిగా ఏడుస్తోంది.

"అమ్మా, మనిల్లు యాడుందమ్మా..."

మళ్ళీ పరుగెత్తింది. ఎవరూ లేరు. మళ్ళీ గడప. పిల్ల ఉంది, ఇందాకటి కన్నా నాలుగు అడుగులు దూరంగా. ఇల్లు వెతుక్కుంటూ సందు చివరకు జరుగుతోంది. ఆ చివర దాటితే మట్టి దిబ్బలే. గడప వదిలితే బిడ్డ కనపడదు. అక్కడే కూలబడి చిన్నన్నకు ఫోన్ చేసింది.

"నిజం చెప్పండమ్మా" అన్నాడు అతను, ఆమె ఇంకా నోరు తెరవకముందే. "బయటికి ఎవురు పోయినారు?"

చెప్పింది. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పది నిమిషాల్లో మిషన్‌లోని దుమ్ము సంచి చంకలో పెట్టుకుని వచ్చాడు. భాగి అప్పటికి సందు చివర చిన్న నీడలా ఉంది. చిన్నన్న ఆ వైపు చూడనే లేదు.

"మా అవ్వ ఒకసారి మతిమరుపుతో ఊడ్చేసిందంట. తాత పైకొచ్చి, మా లైను ఇండ్ల చుట్టూ తిరగతానే ఉన్నాడంట గాని ఇల్లు దొరకలేదు. పారేసిన దుమ్ము తెచ్చి గడప కాడ్నించి లోపలిదాకా పోస్తే వచ్చినాడు." సంచి మూతి పట్టుకుని అక్కడే ఆగాడు. "కానీ అమ్మా... దీంట్లో మీ ఇంటి దుమ్ము ఒక్కటే లేదు. పొద్దున మారికుప్పంలో ఓబలప్ప ఇల్లు చేసినాను. ఇరవై ఏళ్ళు తాళం వేసిన ఇల్లు. ఆయప్ప గనిలోకి దిగి పైకి రాలేదు. పెండ్లాం చచ్చేదాకా ఆ ఇల్లు ఊడవలేదంట, ఆమె పోయినాక తాళమే. ఇంగ వచ్చేవాళ్ళెవురూ లేరు, చెయ్యి అన్నారు కొడుకులు. చేసినాను. ఇప్పుడు రెండూ కలిసిపోయినాయి. వేరు చేసేదానికి కాదు."

భాగి సందు చివర దాటబోతోంది.

"ఎవరి దుమ్మైనా సరే" అంది కుముద. "పోసెయ్. నా బిడ్డ లోపలికి రావాల."

అతను పోశాడు. గడప నుంచి మంచం దాకా, మెరిసే గచ్చు మీద, బూడిదరంగు దుమ్ము. పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. స్కూటర్ చప్పుడు దూరమైంది.

కరెంటు పోయింది.

కుముద గోడకు ఆనుకుని చీకట్లో నిలబడింది. గేటు కిర్రుమంది. ఎవరో లోపలికి వచ్చారు. తడి మట్టి వాసన... చాలా లోతులోంచి తవ్వి తెచ్చిన మట్టి వాసన. నిదానమైన అడుగులు. బాగా అలిసిపోయిన మనిషి అడుగులు. ఆ అలుపు కుముదకు తెలుసు, రోజూ రాత్రి తాను గేటు నుంచి నడిచొచ్చేదీ అట్లాగే. అడుగులు ఆమె పక్కనుంచే పోయాయి. మంచం కిర్రుమంది.

"భాగీ?" గుసగుసగా పిలిచింది.

కరెంటు వచ్చింది. మంచం మీద భాగి పడుకుని ఉంది. సంచి భుజానే ఉంది, వాటర్ బాటిల్ చేతిలోనే ఉంది. కుముద ఒక్క ఉదుటున పోయి పిల్లను రెండు చేతులా పొదువుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉంది. గుండె కొట్టుకుంటోంది. ఊపిరి తేలిగ్గా, ఏ కూతా లేకుండా ఆడుతోంది. బిడ్డ వచ్చేసింది. ఇంకేం కావాలి? కుముద వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడ్చి, తల ఎత్తి, గచ్చు వైపు చూసింది.

గడప నుంచి మంచం దాకా దుమ్ములో అడుగులు ఉన్నాయి. మేకులు కొట్టిన పెద్ద బూట్ల అడుగులు. అన్నీ లోపలికి వచ్చినవే. చిన్న పాదం గుర్తు ఒక్కటి కూడా లేదు.

ఆమె చేతుల్లో భాగి కొంచెం కదిలింది. కళ్ళు తెరవకుండానే, నిద్రమత్తులో, బిడ్డ గొంతుతోనే అంది.

"ఏమ్మే... పొద్దున ఫస్టు షిఫ్టు. మర్చిపోకుండా లేపు."