కడిగి తెచ్చిన కాళ్లు

ఈస్టరుకి ముందొచ్చే పవిత్ర గురువారం పొద్దున్నే సవరమ్మ మొగుడి కాళ్ల ముందు కూర్చుంది. పందొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం, రెడ్డిగూడెం తోటల్లో కాయ కోత మొదలై వారమైంది. సువర్ణరాజు పాదాల మీద మామిడి సొన నల్లగా మచ్చలు కట్టింది. క్రీస్తు తన శిష్యుల కాళ్లు కడిగినట్టే, సాయంత్రం గుడిలో ఫాదర్‌గారు పన్నెండుమంది పెద్దల కాళ్లు కడుగుతారు. అందులో ఈయనది మొదటి కుర్చీ. మురికి కాళ్లు ఫాదర్‌గారి చేతిలో ఎలా పెడతామని ఆ పన్నెండు ఇళ్లలోనూ పొద్దున్నే ఇదే పని. కడిగించుకోబోయే కాళ్లని కడిగి తీసుకెళ్లడం ఏం భక్తో ఎవరికీ తట్టలేదు.

“మడమ దగ్గర గట్టిగా రుద్దవే!”

సవరమ్మ కిరసనాయిలు గుడ్డతో రుద్దింది. ఆమెకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మూడు రోజులుగా ఏదీ రావడం లేదు.

మూడు రోజుల క్రితం కూతురు రిబ్కమ్మ జి. కొండూరు నుంచి నడిచి వచ్చింది. మొగుడు కొట్టి బయటికి నెట్టాడు. అరికాళ్ల నిండా బొబ్బలు. అప్పట్నుంచి అరుగు మీదే ఉంది. తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది.

“రేపు మొదటి బస్సుకి పంపేద్దాం,” అన్నాడు సువర్ణరాజు. “పండక్కి చుట్టాలు దిగితే పరువు పోద్ది. పిల్లలకి జ్ఞానోపదేశం చెప్పేవాణ్ణి నేను.”

“మళ్లీ కొడితేనండీ?”

“క్రీస్తు రాజు సర్వాధికారి. ఆయన కింద మొగుడు, మొగుడి కింద ఆడది. లోబడి ఉండటమే మన విశ్వాసం.”

అరుగు మీంచి రిబ్కమ్మ మాట్లాడింది. గొంతులో కోపం కూడా లేదు.

“ఆ రాజు ఎవరి పెళ్లాన్ని కొట్టమన్నాడు నాన్నా? ఆయనే కొట్టించుకున్నాడు కదా.”

“నోర్ముయ్!” అని అరిచాడు సువర్ణరాజు. ఆమె మూసుకుంది. ఆ మూసుకోవడంలో ఎంత అలవాటుందో చూసి సవరమ్మ గుడ్డ కింద పెట్టేసింది.

సాయంత్రం గుడి కిటకిటలాడింది. ముసలి ఫాదర్‌గారు నడుముకి తువ్వాలు చుట్టుకుని, నేల మీద చెయ్యి ఆనించి, కష్టంగా మోకాళ్ల మీద కూర్చున్నారు. సువర్ణరాజు పాదం చేతిలోకి తీసుకుని చూశారు.

“ఇక్కడ నాకేం పని మిగల్చలేదే సువర్ణరాజూ! ఎవరు కడిగారు?”

“మా ఇంటిది ఫాదర్.”

“అయితే మన రాజు చేసిన పని ఆవిడ చేసింది. ఈ రాజు కిందకి దిగే ఏలాడు. మనకి ఎక్కే కుర్చీలే కనబడతాయి.”

పాదం మీద నీళ్లు పడ్డాయి. సువర్ణరాజుకి ఆ తడి కూడా తెలియలేదు. బొబ్బలెక్కిన కాళ్లు ఇంట్లో మూడు రోజులుగా ఉంటే తనొక్కసారీ వంగి చూడలేదన్న సంగతే తెలిసింది. ఏళ్లుగా క్రీస్తు రాజని చెబుతూ తను పిల్లలకి చూపించింది తననే అని సిగ్గేసింది. పూజ మధ్యలోనే లేచాడు. వెనక జనం గుసగుసలాడారు.

ఇంటికొచ్చి అరుగు కింద, మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. కూతురి ముఖం చూడటానికి తలెత్తాల్సి వచ్చింది.

“తప్పు నాదేనమ్మా. నువ్వెక్కడికీ వెళ్లొద్దు. అతనొస్తే నేను మాట్లాడతాను.”

 రిబ్కమ్మ, “నన్ను పంపవా నాన్నా?” అంది.

“పంపను.”

అప్పుడు ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ సవరమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.