తర్వాతి వారం సంచిక

సిరిసిల్లలో ఊరికి ఆ చివర, పాత నూలు గోదాం వెనక, మూతపడ్డ సాంచాల షెడ్డు ఒకటి ఉంది. సాంచాలంటే మరమగ్గాలు. మసకపడ్డాక ఆ దారిన పోయేవాళ్లు నోరు మూసుకునే పోయేవారు. ఫోను మోగినా ఎత్తేవారు కాదు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటూ వస్తున్నా, షెడ్డు దాటేదాకా పోట్లాట ఆపేవారు.

ఎందుకంటే అక్కడ ఎవరు ఏం మాట్లాడినా... లోపల్నుంచి ఎవరో "ఊ" కొట్టేవారు.

కసిరినట్టు కాదు, బెదిరించినట్టూ కాదు. బుద్ధిగా కూర్చుని కథ వినేవాళ్లు కొట్టే ఊ. అందుకే ఇంకా భయం.

ఇది నేను చూసింది కాదు, విన్నది. కోరుట్ల రాజేశం సంగతి.

రాజేశానికి కోరుట్లలో జిరాక్సు, లామినేషన్ దుకాణం. మనిషి మంచివాడే కాని ఒక పిచ్చి ఉంది. ఎప్పుడో మన తాతల కాలంలో ఇంగ్లండు పిల్లల కోసం వారం వారం వచ్చిన కామిక్స్ ఎక్కడ దొరికినా కొంటాడు. కొని చదువుతాడా అంటే, లేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అంచులు అతికించి, ఫొటో తీసి, తనలాంటివాళ్లే ఉన్న వాట్సాప్ గ్రూపులో పెడతాడు. లండన్ నుంచి ఒకాయన, చెన్నై నుంచి ఇంకొకాయన దండాలు పెడతారు. దాంతో ఈయన కడుపు నిండిపోతుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఇంట్లో మూడు బీరువాలు పుస్తకాలతో నిండి, భార్య పుష్ప చీరలు మంచం కిందికి చేరాయి.

ఆ రాజేశం చెవిన ఒక కబురు పడింది. సిరిసిల్లలో బీడీలు చుట్టుకునే దేవవ్వ దగ్గర అలాంటి పుస్తకాలు ఒక పెట్టెడు ఉన్నాయట. ఆమె పెనిమిటి కొమురెల్లి ఒకప్పుడు మస్కట్ పోయి, ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో పనిచేశాడు. ఆ ఇంజనీరు పారెయ్యమన్నవాటిని పారెయ్యబుద్ధికాక మూటకట్టి తెచ్చుకున్నాడు. కొమురెల్లి చనిపోయాక ఆయన సాంచాల షెడ్డు మూతపడింది, పెట్టె అందులోనే ఉండిపోయింది. దానికోసం హైదరాబాదు నుంచి ఇంకెవరో తెల్లారి వస్తున్నారని కూడా రాజేశం విన్నాడు. ఇంక ఆగుతాడా? పొద్దుగూకేసరికి దేవవ్వ వాకిట్లో నిలబడ్డాడు.

"పొద్దున తీస్కపో తమ్మీ," అన్నది దేవవ్వ. "ఇప్పుడు లోపట మా అత్త మొగిలవ్వ ఉంటది."

"ఉండనీ అక్కా. పెద్దమనిషిని పలకరిచ్చి పోత."

"ఆమె సచ్చి చాన ఏండ్లాయె."

రాజేశం నవ్వాడు. దేవవ్వ నవ్వలేదు.

మొగిలవ్వకు కళ్లు కనబడేవి కావట. షెడ్డులో ఒక మూలన కూర్చుని, చేత్తో తడుముకుంటూనే రాట్నం తిప్పి కండెలకు నూలు చుట్టేది. కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడల్లా కొమురెల్లి ఆ పుస్తకాల్లో ఒకటి ముందు పెట్టుకుని తల్లికి కథ చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, బొమ్మ చూసి తోచింది చెప్పేవాడు. ఆమె ఊ కొట్టేది. ఒక కథ నడిమధ్యలో ఉండగా ఆయన మళ్లీ మస్కట్ పోవాల్సి వచ్చింది. అక్కడ పాత సామాన్ల దుకాణాల్లో వెతికి వెతికి ఆ కథ తర్వాతి సంచిక పట్టుకొచ్చాడు. వచ్చేసరికి తల్లి లేదు.

"విప్పకుంటనే పెట్టెల ఏసిండు," అన్నది దేవవ్వ, తాళంచెవి చేతిలో పెడుతూ. "కథ సగంలనే ఆగింది, ఒడువలే. గందుకే ఆమె పోతలేదు. లోపట నోరు మెదపకు తమ్మీ."

షట్టరు సగం దాకా లేపి రాజేశం లోపలికి దూరాడు. సాంచాలు ఎప్పుడో తుక్కు కింద అమ్ముడుపోయాయి. నేలంతా నూనె మరకలు. ఒక మూలన రాట్నం, దాని పక్కన రేకుపెట్టె. ఫోను లైటు వేసి మూత తీశాడు.

అన్నిటికన్నా పైన, సంచిక నంబరు అచ్చేసిన దళసరి కాగితం కవరులో, సీలు విప్పని సంచిక! అలాంటిది భూమ్మీద ఇంకొకటి లేదని లండన్ ఆయన ఏనాడో తేల్చేశాడు. సీలు ఉంటేనే దానికి విలువ. చింపితే అది పదింటిలో ఒకటి.

అంతటిది దొరికాక దేవవ్వ మాట ఏం గుర్తుంటుంది? ఫోను ఎత్తిపట్టి గ్రూపు కోసం వీడియో మొదలుపెట్టాడు.

"అన్నలారా, దొరికింది..."

"ఊ."

తన గొంతే గోడకు తగిలిందనుకున్నాడు.

"సీలు గూడ విప్పలే, సూడుండ్రి..."

"ఊ... ఊ."

వెనక షట్టరు దభాలున పడింది.

ఉరికి వెళ్లి లేపబోయాడు. వేళ్లు నొప్పి పుట్టినా ఇంచు కదల్లేదు. ఫోనులో సిగ్నలు లేదు. అరిస్తే దానికీ ఊ కొడతారని నోరు మూసుకున్నాడు. రేకుల కింద గాలి ఆగిపోయినట్టుంది. రాజేశం వెనక్కి వెనక్కి వచ్చి పెట్టె పక్కన కూలబడ్డాడు.

చెవి దగ్గరే, మెల్లగా...

"తర్వాత?"

"ఏ... ఏం తర్వాత, అవ్వా?"

"నీళ్ల దొరను ఇనుప అర్రల ఏసి తాళమేసిన్రు. మెడదాక నీళ్లచ్చినయ్... తర్వాత?"

పెట్టెలో దాని కిందున్న పుస్తకం తీశాడు. చివరి పేజీలో నిజంగానే ఉంది. మునిగిన ఓడలో, ఇనుప గదిలో, గడ్డం దాకా నీళ్లతో ఒక కెప్టెన్. కింద 'మిగతా వచ్చే వారం' అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ వచ్చే వారం రాజేశం ఒళ్లోనే ఉంది, సీలుతో.

అప్పుడు కూడా చింపబుద్ధి కాలేదాయనకు.

"దొర తప్పించుకున్నడు అవ్వా. ఒడిసింది."

ఊ రాలేదు. చీకట్లో రాట్నం ఒక్క చుట్టు తిరిగి, కిర్రుమని ఆగింది.

"గట్ల చెప్పకు కొడుకా. నాకు కండ్లు లేకుంటె ఏంది... పుస్తకం విప్పిన సప్పుడు ఎర్కైతది."

రాజేశానికి ఏడుపొచ్చింది. భయానికి కొంత, సీలుకు కొంత. ఫోను లైటు డిమ్మవుతోంది. అది ఆరితే చదవడానికీ ఉండదు. కళ్లు మూసుకుని కవరు చించాడు. చర్రుమన్న ఆ చప్పుడుకు చీకటి ఊపిరి బిగబట్టింది.

చదివాడు. తన జన్మలో మొదటిసారి ఒక కామిక్ చదివాడు. ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పాడు.

"దొర ఇనుప తలుపు కొట్టిండు."

"ఊ."

"కొట్టిండు, కొట్టిండు... పైనుంచి పడవల పోయేటోడు ఇన్నడు."

"ఊ."

"దిగచ్చి తలుపు తీసిండు."

"ఊ..." అని ఒక పెద్ద ఊపిరి వినిపించింది. "పాణం నిమ్మలమైంది కొడుకా."

రాజేశానికీ నిమ్మళించింది. నిమ్మళించాక నోరు ఊరుకుంటుందా? గ్రూపులో గొప్పలు చెప్పి అలవాటైన నోరాయె.

"గిదొక్కటేంది అవ్వా... మా ఇంట్ల మూడు బీరువాల నిండ ఉన్నయి."



"ఊ," అన్నది మొగిలవ్వ.

షట్టరు లేచింది. బయట దేవవ్వ ఆయాసపడుతూ నిలబడి ఉంది.

"షెట్టరు గంత గట్టిగ కొడ్తివేంది తమ్మీ? మా ఇంటిదాక ఇనచ్చింది."

రాజేశం తన చేతులు చూసుకున్నాడు. లేపబోయాడే కాని, ఆయన షట్టరు కొట్టలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు దగ్గర ఏ చప్పుడూ లేదు. జనం ఫోన్లు మాట్లాడుకుంటూ పోతున్నారు. మొగుడూ పెళ్లాలు అక్కడ నిలబడి మరీ పోట్లాడుకుంటున్నారు.

కోరుట్లలో మాత్రం, దీపాలు పెట్టే వేళకు రాజేశం బీరువాల గదిలోకి వెళ్లి కూర్చుంటాడు. అతికించిన కవర్లు ఒక్కొక్కటే కత్తిరించి పైకి చదువుతాడు. గ్రూపులో ఫొటోలు పెట్టడం మానేశాడు. ఎప్పుడు చూసినా ఒకటే అడుగుతాడు, ఫలానా కథ తర్వాతి సంచిక ఎవరి దగ్గరైనా ఉందా అని. వారపత్రికలు కదా, ఎన్ని కొన్నా మధ్యలో ఒకటి ఉండదు. ఎవరూ పంపకపోతే ఆ రోజంతా అన్నం ముట్టడు.

మొన్న ఒక సాయంత్రం కొత్త కథ చదువుతూ చివరి పేజీకి వచ్చాడు. కొండ గుహలో ఇద్దరు అన్నదమ్ములు, గుహ నోటికి అడ్డంగా బండ. మిగతా వచ్చే వారం. మూడు బీరువాలూ తిరగేశాడు. ఆ వచ్చే వారం లేదు.

బయట పుష్ప తలుపు నెట్టింది. తెరుచుకోలేదు.

"అన్నం సల్లారుతుంది. లోపట గొళ్లెమెందుకు వెట్టుకున్నరు?"

తను పెట్టలేదని చెప్పడానికి రాజేశం నోరు తెరిచాడు. కాని ముందు పలికింది ఆయన కాదు.

"ఊ... తర్వాత?"