ఒరుగుతున్న కిటికీ

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కప్పు పెట్టుకోవడానికి చోటు దొరకడం గగనం. భోజనాల బల్ల మీద సగం నాన్న ఇనప తీగలు, మిగతా సగం అమ్మ దారపు ఉండలు. ఆయన తీగలతో, సిమెంటుతో శిల్పాలు చేస్తాడు. ఆవిడ పాత కర్టెన్ల మీద, చిరిగిన దుప్పట్ల మీద ఊళ్లకు ఊళ్లే కుడుతుంది. ఒక్కగానొక్క కూతురైనా బుద్ధిగా ఏ బ్యాంకులోనో చేరుతుందనుకుంటే, అదీ కెమెరా పట్టింది. ఆ ఇంటికొచ్చే చుట్టాలు కూర్చునే ముందు కుర్చీ తడిమి చూసుకుంటారు, సూదో మేకో ఉంటుందని.

కూతురు రెండేళ్లుగా ఒకే పని మీద ఉంది. రోజూ పొద్దున అమ్మని హాల్లో కిటికీ ముందు స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్క ఫొటో తీస్తుంది. అవన్నీ వరసగా పరిగెత్తిస్తే ఒక చిన్న సినిమా అవుతుంది. వెనక కిటికీలో ఎండలూ వానలూ మారిపోతుంటాయి, అమ్మ ముఖం మాత్రం కదలదు. అలా కదలకుండా ఉండాలనే ప్రతి ఫొటోనీ కంప్యూటర్లో కొద్దిగా అటో ఇటో తిప్పి, అమ్మ రెండు కళ్లూ ఒకే గీత మీదికి తెచ్చి పెడుతుంది. ఏవో పాటలు వింటూ చేసేసే పని అది.

దాన్ని చూపించాల్సిన ఎగ్జిబిషన్ దగ్గరపడటంతో, ఆ పొద్దున మొదటిసారి సినిమా మొత్తం ప్రొజెక్టరుతో హాలు గోడ మీద వేసి చూసింది. మొదట్లో బాగానే ఉంది. సగం దాటాక అమ్మ వెనక కిటికీ ఒక పక్కకి ఒరగడం మొదలుపెట్టింది. కిటికీతో పాటు బీరువా, దాంతో పాటు గోడ, గుమ్మం. అమ్మ నిటారుగా కూర్చుని నవ్వుతోంది. ఆవిడ చుట్టూ ఇల్లు మాత్రం, బరువంతా ఒకవైపే వేసిన బండిలా వాలిపోతోంది.

పక్క స్థలంలో కొత్త బిల్డింగుకి పునాదులు తవ్వుతున్నారు. ఇల్లు కుంగుతోందేమోనని కూతురు నాన్నని కేకేసింది. ఆయన వచ్చి గోడ మీది బొమ్మ చూసి, పగుళ్ల కోసం గదులన్నీ తిరిగాడు. ఎక్కడా బీట కనబడలేదు. వంటగదిలోంచి అమ్మ, ఇల్లు పడితే ముందు మీ సిమెంటు బొమ్మలే పడాలనీ, అప్పుడైనా తనకి బల్ల మీద చోటు దొరుకుతుందనీ వెక్కిరించింది.

నాన్న దారానికి బరువైన గుండు కట్టి కిటికీ చట్రం పక్కన వేలాడదీశాడు. శిల్పం నిలబెట్టే ముందు నిటారుగా ఉందో లేదో చూడ్డానికి ఎప్పుడూ చేసే పనే. దారం, చట్రం సమంగా దిగాయి, వెంట్రుకవాసి తేడా లేదు. బీరువా దగ్గరా అంతే. కూతురు హమ్మయ్య అనుకుని, అయితే కెమెరా స్టాండు కాలు జారుతోంది, కొత్తది కొనాలి అంది. నాన్న దారం అలాగే చేత్తో పట్టుకుని, కప్పులు కడుగుతున్న భార్య వైపు చూస్తున్నాడు.

"నువ్వు సరిచెయ్యక ముందటి ఫొటోలున్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి. ఎందుకు నాన్నా?"

"అవి వెయ్యి."

వేసింది. ఈసారి కిటికీ కదల్లేదు. కదిలింది అమ్మ. తల కుడి భుజం మీదికి కొంచెం కొంచెంగా వాలుతూ వచ్చింది. చివరి ఫొటోల్లో ఆ భుజం కూడా కిందికి జారింది, ఎడం చెయ్యి స్టూలు అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. నవ్వు మాత్రం అదే.

"ఇల్లు బాగానే ఉందమ్మా," అన్నాడు నాన్న.

కూతురు విసురుగా వంటగదిలోకి వెళ్లింది. భయం ముందు కోపంగానే బయటికొచ్చింది. ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావని నిలదీసింది. రోజూ ఎదురుగా కూర్చుని నవ్వుతావు, ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా, మేం పరాయివాళ్లమా అని అడిగేసింది. అమ్మ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది. సూది కుడి చేతిలో నిలవడం లేదనీ, ఎడం చేత్తో కుడుతున్నాననీ నెమ్మదిగా చెప్పింది. కుట్లు పెద్దవైపోతే, కొత్త పద్ధతి బాగుందని నాన్నే మెచ్చుకున్నారట. ఆ మాటకి నాన్న గుమ్మం పట్టుకున్నాడు.

"దాచలేదే," అంది అమ్మ. "అద్దంలో మెడ వంకరగా కనిపించేది. నాకూ అనుమానం వచ్చింది. కానీ సాయంత్రం నువ్వు పని చేస్తుంటే నీ వెనక నిలబడి చూసేదాన్ని. నీ ఫొటోలో నిటారుగానే ఉండేదాన్ని. రోజూ అంత శ్రద్ధగా చూసే పిల్ల కంటికి ఆనకుండా ఉంటుందా, నాదే భ్రమ అనుకున్నా."

కూతురి కోపం నీరుగారిపోయింది.

"నేనే నిటారుగా పెట్టానమ్మా. రోజూ నేనే."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన అమ్మని చేతులు చాపమన్నాడు, నడవమన్నాడు, కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. ఇది ఎప్పుడు మొదలైందని అడిగాడు. అమ్మ నాన్న వైపు చూసింది, నాన్న నేల వైపు చూశాడు. కూతురు లాప్‌టాప్ తెరిచి, ఎక్కువ వెతక్కుండానే ఒక ఫొటో దగ్గర ఆగింది.

"ఇక్కడ. అంతకుముందు ఫొటోని సరిచెయ్యడానికి ఒకరోజు ఇటు, ఒకరోజు అటు తిప్పేదాన్నండి. ఈ ఫొటో నుంచి ఎప్పుడూ ఒకే వైపు తిప్పాను."

డాక్టరు ఆ ఫొటోనీ, నిన్నటి ఫొటోనీ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు చూశాడు. వెంటనే స్కానింగ్ చేయించాలన్నాడు. ఆయన ముఖంలో ధైర్యం చెప్పేదేమీ లేదు. మొదలైన రోజుని ఇంత కచ్చితంగా చెప్పగలిగిన వాళ్లు మాత్రం అరుదని ఒప్పుకున్నాడు.

"మా అమ్మాయి నన్ను రోజూ చూస్తుందండీ," అంది అమ్మ.

అందులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నదంతా గర్వమే. ఎత్తిపొడిచి ఉంటే కూతురు తట్టుకునేదేమో. డాక్టరు ఎదురుగానే తల్లి ఒళ్లో తలపెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. కుడి చెయ్యి సమయానికి లేవక, అమ్మ ఎడం చేత్తో ఆ పిల్ల జుట్టు సవరించింది.